వేడి బుగ్గల పీతల్ని ఇంటి నుంచే చూడాలంటే: సుబాస్టియన్ డైవ్ ప్రసారాలపై సమీక్ష

సముద్ర పరిశోధన సంస్థ ష్మిట్ ఓషన్ ఇన్‌స్టిట్యూట్ యూట్యూబ్ ఛానెల్లో రెండు రకాల వీడియోలు దొరుకుతాయి. మంచి దృశ్యాలు ఏరి, సంగీతం కలిపి, కొద్ది నిమిషాల్లో ముగించేవి ఒక రకం. సుబాస్టియన్ అనే రోబో సముద్రం అడుగున పని చేస్తున్నంతసేపూ కోతల్లేకుండా గంటల తరబడి సాగే డైవ్ ప్రసారాలు రెండో రకం. సముద్రగర్భపు వేడినీటి బుగ్గల దగ్గర బతికే పీతల కోసం వెళ్లేవారు మొదటి రకాన్ని వదిలేసి నేరుగా రెండోదానికే వెళ్లాలన్నది మా గట్టి అభిప్రాయం. ఏరి కూర్చిన వీడియోలో పీత మూడు సెకన్లు కనబడి మాయమవుతుంది. తెల్లగా ఉందని తెలుస్తుంది, అంతే. అది ఏం తింటోంది, వేడికి ఎంత దగ్గరగా వెళ్లి ఎక్కడ ఆగిపోతోంది, పక్క పీత మీదికొస్తే ఏం చేస్తోంది, ఇవన్నీ తెలియాలంటే కెమెరా ఒకే చోట పది నిమిషాలు నిలవాలి. ఆ పది నిమిషాలు కోతల్లేని ప్రసారంలోనే దొరుకుతాయి.

రోబో గురించి అవసరమైనంత వరకు: 2016లో పనిలోకి వచ్చింది, మనుషులు ఎక్కేది కాదు, 4,500 మీటర్ల లోతు దాకా దిగుతుంది. ఓడ నుంచి వేలాడే కేబుల్ ద్వారానే కరెంటు కిందికి పోతుంది, వీడియో పైకి వస్తుంది. 4కే కెమెరా, రెండు యాంత్రిక చేతులు, జీవుల్ని పీల్చి పట్టే గొట్టం, మూతలున్న పెట్టెలు దానికి ఉన్న సరంజామా. 2023 నుంచి దీన్ని మోస్తున్న ఓడ పేరు ఫాల్కర్ టూ. చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు.

అయితే ఏ డైవ్ పడితే ఆ డైవ్ తెరిస్తే పీతలు దొరకవు. పగడాలు, లోయలు, సముద్రం అడుగు కొండల మీద చేసిన డైవులు బోలెడు. వాటిలో వేడి బుగ్గ ఊసే ఉండదు. బుగ్గల పీతల కోసమైతే ముందు 2023 మధ్యలో తూర్పు పసిఫిక్ గట్టు (సముద్రం అడుగున బారుగా సాగే పర్వతశ్రేణి) మీద చేసిన యాత్ర చూడండి. అక్కడి లోతు 2,500 మీటర్లకు కాస్త అటూ ఇటూ. బైథోగ్రేయా థర్మిడ్రాన్ అనే పీత సొంత ఊరు అదే. 1977లో గాలపాగోస్ దగ్గర ఆల్విన్ జలాంతర్గామి నుంచి ఇలాంటి బుగ్గల్నీ వాటి చుట్టూ ఉన్న జీవుల్నీ మొట్టమొదట చూసినప్పుడు కనబడిన తెల్ల పీత ఇదే. 1980లో దీనికి పేరు పెట్టినప్పుడు కొత్త జాతితో సరిపోక కొత్త కుటుంబాన్నే సృష్టించాల్సి వచ్చింది. 2023 యాత్రలో రోబో చేతితో లావా పెంకుల్ని తిరగేస్తే కింద వెచ్చటి గూళ్లలో ట్యూబ్‌వార్ములు (గొట్టాల్లో బతికే పురుగులు), నత్తలు బయటపడ్డాయి. ఆ సంగతి 2024లో అచ్చయింది. పెంకు లేపే ఘట్టాలు ఓపికగా చూడదగ్గవి.

2023లోనే గాలపాగోస్ దీవులకు పశ్చిమాన చేసిన డైవుల్లో ఒక కొత్త బుగ్గల క్షేత్రం దొరికింది. దానికి పెట్టిన పేరు సెందెరో దెల్ కాంగ్రెహో, స్పానిష్‌లో పీతల బాట అని అర్థం. నేల మీద అక్కడొకటి ఇక్కడొకటిగా కనబడుతున్న జీవులు పోనుపోను చిక్కబడుతూ వచ్చాయి. వాటి వెంటే వెళ్లి బుగ్గను పట్టుకున్నారు. పీతలు చూడటం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. బుగ్గ కనబడకముందే దాని ఆచూకీ నేల చెబుతుంది. మామూలు లోతు సముద్రపు నేల మీద ఒక్క జీవి కనబడటానికే నిమిషాలు పడుతుంది. బుగ్గ దగ్గరవుతున్న కొద్దీ తిండి పెరుగుతుంది, తినేవాళ్లూ పెరుగుతారు. ఒక చిన్న సవరణ మాత్రం చేసుకోవాలి: ఆ బాట వేసినవి అసలు పీతలు కావు, స్క్వాట్ లాబ్‌స్టర్లు. తేడా ఎలా పట్టాలో కింద చెబుతాం.

అట్లాంటిక్ పీత కావాలంటే 2023 మార్చిలో మధ్య అట్లాంటిక్ గట్టు మీద చేసిన యాత్ర ఉంది. అక్కడ ఉండేది సెగోంజాసియా మెసట్లాంటికా. కానీ రిమికారిస్ రొయ్యలు చిమ్నీలను (బుగ్గ నీటిలోని ఖనిజాలు పేరుకుని లేచిన రాతి గొట్టాలను) ఈగల్లా ముసురుకుని ఉంటాయి కాబట్టి పీతను వెతికి పట్టాలి. రొయ్యల గుంపు అంచుల్లో, మస్సెల్ ఆల్చిప్పల మధ్య సందుల్లో చూడండి. 2016 చివర్లో మరియానా వైపు చేసిన డైవులు సుబాస్టియన్ తొలినాటి పని. ఒంటిమీద ముళ్లలాంటి నూగున్న పెద్ద నత్తల నడుమ తిరిగే ఆస్టినోగ్రేయా విలియమ్సి ఆ ప్రాంతపు పీత.

చేతులకు బొచ్చున్న యెతి పీత (యెతి క్రాబ్) కోసం వచ్చేవారు ఒకటి గమనించాలి. 2005లో ఈస్టర్ దీవికి దక్షిణాన 2,200 మీటర్ల లోతున దొరికిన కివా హిర్సుటా, అంటార్కిటికా వైపు తూర్పు స్కోషియా గట్టు మీద చదరపు మీటరుకు 700కు పైగా కిక్కిరిసి ఉండే కివా టైలెరి, ఈ రెండూ బుగ్గల జీవులే. కానీ చేతులు లయగా ఊపుతూ నాట్యం చేసే యెతి పీత కివా పురవీడా. అది కోస్టారికా దగ్గర మీథేన్ ఊరే చల్లని ఊటల జీవి. ఊపడం ఎందుకంటే చేతుల బొచ్చులో పెంచుకునే బాక్టీరియాకు తాజా నీరు తగలడానికి. తర్వాత ఆ బాక్టీరియానే నోటి దగ్గరి దువ్వెనతో దువ్వుకుని తింటుంది. ఆ వీడియోకు వేడి బుగ్గ అని శీర్షిక తగిలించి తిప్పేవాళ్లు చాలామంది. నమ్మకండి.

టైము సంగతి. డైవులు ఎక్కువగా ఓడ ఉన్నచోటి ఉదయాన మొదలవుతాయి. గాలపాగోస్‌లో ఉదయం 8 గంటలంటే మనకు రాత్రి 7:30. 2,500 మీటర్లు దిగడానికే గంటన్నర దాకా పడుతుంది. ఆ గంటన్నరలో తెర మీద నీలం, తర్వాత నలుపు, ఎదురొచ్చే తెల్ల రేణువులు తప్ప ఏమీ ఉండవు. అందుకని రాత్రి 9 గంటలకు కూర్చుంటే సరిపోతుంది. టోంగా వైపు ఓడ ఉంటే ఇదే లెక్కన మనకు అర్ధరాత్రి 12:30కి మొదలవుతుంది. అలాంటప్పుడు మర్నాడు రికార్డింగు చూడటమే మేలు. అట్లాంటిక్ నడుమ ఉంటే సాయంత్రం 4:30 ప్రాంతం, మన తీరిక వేళలకు సరిగ్గా సరిపడేది అదే.

రికార్డింగు చూసేటప్పుడు మొదట చేయాల్సిన పని క్వాలిటీ మార్చడం. ఫోన్లో ఆటో మీద వదిలేస్తే 360పీకి జారిపోతుంది. అప్పుడు బూడిదరంగు లావా మీద స్క్వాట్ లాబ్‌స్టరు సున్నపు మరకలా కనబడుతుంది. కనీసం 1080పీ పెట్టండి. గంటకు సుమారు 2 జీబీ ఖర్చవుతుంది కాబట్టి రోజువారీ డేటా ప్యాకు మీద కుదరదు, ఇంటి వైఫై కావాలి. కంప్యూటరైతే ఇంకా నయం. ఎల్ నొక్కితే 10 సెకన్లు ముందుకు, జె నొక్కితే 10 సెకన్లు వెనక్కి. కె నొక్కి ఆపాక కామా, ఫుల్‌స్టాప్ మీటలతో ఒక్కో ఫ్రేము కదపవచ్చు. పీత గోటితో గిల్లే క్షణం అరసెకను ఉండదు. ఫ్రేము ఫ్రేముగా చూస్తే తప్ప అది దేన్ని గిల్లిందో అర్థం కాదు.

గంటల పొడవున్న వీడియోలో బుగ్గ ఎక్కడుందో పట్టడానికి ఒక చిట్కా. టైమ్‌లైను మీద మౌసు ఆనించి నెమ్మదిగా జరపండి. బొటనవేలంత బొమ్మల్లో నలుపు పోయి తెలుపూ ఎరుపూ కనబడిన చోటల్లా ట్యూబ్‌వార్ముల గుబురే. అక్కడ ఆగి, ఆ నిమిషం సంఖ్య రాసుకోండి. ఈ ప్రసారాల పెద్ద లోటు ఇదే: ఏ గంటలో ఏముందో చెప్పే విషయసూచిక లేకపోతే చూసేవాళ్లే ఆ పని చేసుకోవాలి. నలుగురైదుగురు విద్యార్థులు తలా రెండు గంటలు పంచుకుని ఇలాంటి పట్టిక తయారు చేసుకుంటే ఒక డైవు ఒక సాయంత్రంలో పూర్తవుతుంది. డైవు నంబరు, గంట-నిమిషం-సెకను, జీవి, ఎన్ని ఉన్నాయి, దేని మీద ఉన్నాయి అనే అయిదు గళ్లు చాలు.

ఇక ఏది పీత, ఏది కాదు. ప్రసారంలో మాట్లాడే శాస్త్రవేత్తలే రెండింటినీ క్రాబ్ అనేస్తుంటారు, కాబట్టి మాట వినకుండా కాళ్లు లెక్కపెట్టండి. అసలు పీతకు గోళ్లున్న జత కాక నాలుగు జతల నడక కాళ్లు కనబడతాయి. స్క్వాట్ లాబ్‌స్టరుకు మూడు జతలే కనబడతాయి. చివరి జత సన్నగా చిక్కిపోయి డిప్ప కింద మొప్పల గదిలో దాక్కుని ఉంటుంది. పీత డిప్ప అడ్డంగా వెడల్పు, స్క్వాట్ లాబ్‌స్టరు డిప్ప నిలువుగా పొడవు, ముందు ముక్కులా ఒక మొన. పీత తోక పూర్తిగా పొట్ట కిందికి అతుక్కుని ఉంటుంది. స్క్వాట్ లాబ్‌స్టరు తోక మడతపడినా వెనకనుంచి కనబడుతుంది, బెదిరితే దాన్నే టపటపా కొట్టుకుంటూ వెనక్కి ఎగురుతుంది. పక్కకు నడిచేది పీత. మన కాకినాడ చేపల బజారులో మండపీత చూసిన కంటికి ఇంకో తేడా వెంటనే తగులుతుంది: మండపీతకు వెనక కాళ్లు తెడ్లలా చదునుగా ఉంటాయి, ఈతకు. బుగ్గ పీతకు ఆ తెడ్లు లేవు, అన్నీ మొనదేలిన నడక కాళ్లే. ఆడదో మగదో చెప్పే గుర్తు మాత్రం మన పీతలదే. పొట్ట కింద మడత వెడల్పుగా ఉంటే ఆడది, సన్నగా ఉంటే మగది. గొట్టాలు ఎక్కేటప్పుడు ఒళ్లు వాలిస్తే తప్ప అది కెమెరాకు చిక్కదు. గుడ్లు మోస్తున్న ఆడపీతలు గుబురు నడుమ బహు అరుదు. యెతి పీత కివా టైలెరిలోనైతే గుడ్ల తల్లులు వేడికి దూరంగా, చల్లటి అంచులకు తరలిపోతాయని ఇలాంటి రోబో వీడియోల సాయంతోనే తేలింది.

ట్యూబ్‌వార్ముల గుబురు దొరికాక చూడాల్సింది ఇలా ఉంటుంది. రిఫ్టియా గొట్టాలు చెయ్యంత లావున, తెల్లగా, నిలువుగా గుంపుగా ఉంటాయి. ఒక్కో గొట్టం కొసన ఎర్రటి ఈక. ఆ ఎరుపు హీమోగ్లోబిన్‌ది, మన రక్తంలో ఉన్నలాంటిదే. తెల్ల గొట్టం మీద తెల్ల పీత పాకుతుంటే మొదట కాళ్ల నీడే కనబడుతుంది. పీత కాలు తగలగానే ఈక చటుక్కున గొట్టంలోకి పోతుంది. పీత కదలదు. గొట్టం మూతి దగ్గరే కాళ్లు బిగించి కూర్చుంటుంది. కాసేపటికి ఈక అంచు ఎర్రటి గీతలా పైకి వస్తుంది, ఇంకాస్త విచ్చుకుంటుంది. అప్పుడు ఒక గోరు ముందుకు పోతుంది. దక్కితే ఎర్రటి పోగు నోటి దగ్గరికి చేరుతుంది. దక్కకపోతే ఈక మళ్లీ లోపలికి, పీత మళ్లీ కాపలాకు. ఇదంతా ఒకే షాటులో పూర్తిగా చూడగలిగితే ఆ డైవు మీద పెట్టిన సాయంత్రం వృథా పోనట్టే. ఈ పీతలు ఈకలొక్కటే తినవు. మస్సెళ్లు, చచ్చిన జీవులు, బాక్టీరియా పొరలు, ఏది దొరికితే అది తింటాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇవన్నీ ఫ్లడ్‌లైట్ల కింద జరుగుతున్న పనులు. బైథోగ్రేయా పిల్లప్పుడు మామూలు పీతలాగే బొమ్మ ఏర్పడే కళ్లతో పుడుతుంది. పెరిగి బుగ్గ చేరాక కంటి పలకలు పోయి ఒట్టి రెటీనా మిగులుతుంది. కన్ను బాగా పట్టే రంగు కూడా మారుతుంది. తొలి పిల్ల దశ జోయియాలో వెలుగు తరంగం పొడవు 447 నానోమీటర్లు, తర్వాతి పిల్ల దశ మెగలోపాలో 479, పెద్దదయ్యాక 489. చీకట్లో బుగ్గ నుంచి వచ్చే అతి మసక వెలుగును పట్టడానికి తయారైన కంటి మీద అంత లైటు పడితే ఆ జీవి మామూలుగానే ప్రవర్తిస్తోందని అనుకోలేం. బుగ్గ రొయ్యల రెటీనా ఇలాంటి లైట్లకు దెబ్బతింటుందని 1999లోనే రాశారు. కాబట్టి పీత కదలకుండా కూర్చుందంటే అది విశ్రాంతో, కళ్లు చెదరడమో వీడియో చూసి తేల్చేయకండి.

కొలతలు తీయాలనుకునేవారికి సుబాస్టియన్ ఒక గొప్ప వీలు ఇస్తుంది. తెర మీద రెండు లేజరు చుక్కలు కనబడితే వాటి మధ్య దూరం 10 సెంటీమీటర్లు. ఫ్రేము ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. బొమ్మను పెయింటులోనో, బొమ్మలు కొలిచే ప్రోగ్రాం ఇమేజ్‌జేలోనో తెరిచి చుక్కల మధ్య పిక్సెళ్లు కొలవండి. ఉదాహరణకు 200 వచ్చాయనుకుందాం, అంటే సెంటీమీటరుకు 20 పిక్సెళ్లు. పీత డిప్ప వెడల్పు 110 పిక్సెళ్లుంటే అది 5.5 సెంటీమీటర్లు. లెక్క ఇంత తేలికే, తప్పు జరిగేది వేరేచోట. చుక్కలు వెనకున్న రాతి మీద పడి, పీత గొట్టం మీద ముందుకు ఉంటే, పీత కెమెరాకు దగ్గరగా ఉంది కాబట్టి ఉన్నదానికన్నా పెద్దదిగా తేలుతుంది. చుక్కలు పీత మీదో, అది నిలబడిన రాతి మీదో పడిన ఫ్రేమునే వాడాలి. డిప్ప కెమెరాకు ఎదురుగా చదునుగా ఉండాలి. వాలి ఉంటే ఉన్నదానికన్నా చిన్నదిగా వస్తుంది. ఒక్కో పీతకు మూడు ఫ్రేముల్లో కొలిచి మధ్య విలువ తీసుకోండి. జూమ్ మారితే పిక్సెళ్ల లెక్క మళ్లీ మొదటినుంచి చేయాలి, ముందు ఫ్రేము లెక్క దీనికి పనికిరాదు.

పీతను పట్టే ఘట్టం మాకు ఈ ప్రసారాల్లో ఎంతో ఇష్టమైనది. రోబో చెయ్యి పీల్చే గొట్టాన్ని పీత వెనకనుంచి తెస్తుంది. ముందునుంచి తెస్తే గోళ్లు చాచి ఎదుర్కొంటుంది, లేదా సందులోకి దూరుతుంది. పీల్పు తక్కువైతే పీత గొట్టాలను పట్టుకుని వేలాడుతుంది. ఎక్కువైతే కాలు ఊడిపోతుంది. అది యంత్రం తెంచింది కాకపోవచ్చు, పీతలు ఆపదలో కాలు తామే వదిలేస్తాయి. అందుకే పైలట్లు పీల్పును కొద్దికొద్దిగా పెంచుతారు, మధ్యలో ఆపుతారు. పట్టు సడలగానే పీత చప్పున లోపలికి పోతుంది, వెనకున్న జాడీలో పడుతుంది, జాడీల చక్రం ఒక గడి తిరుగుతుంది. పైకి వచ్చేటప్పుడు పీతకు పెద్ద శత్రువు ఒత్తిడి తగ్గడం ఒక్కటే కాదు. చేపకు ఉన్నట్టు గాలితిత్తి లేదు కాబట్టి అది పేలిపోదు. 2 డిగ్రీల నీటిలోంచి 25 డిగ్రీలు దాటిన ఉపరితలపు నీటి మీదుగా రావడం కూడా చేటు చేస్తుంది. మందమైన గోడల పెట్టెల్లో మూత బిగించి తేవడం అందుకే.

బొమ్మ బాగా రాని చోట్ల కారణం తెలుసుకుంటే చిరాకు తగ్గుతుంది. మొదటిది నీటి అలజడి. బుగ్గ నీరు వేడి, చుట్టూ నీరు 2 డిగ్రీలు. రెండూ కలిసేచోట వెలుగు వంకరపోయి, ఎండాకాలం తారురోడ్డు మీద గాలి ఆడినట్టు బొమ్మ ఆడుతుంది. ఫోకసు పోయిందని అనుకోకండి, అసలు చూడాల్సింది అదే. ఆ ఆడే నీటికి అంచున పీతలు బారులు తీరి ఉంటాయి, నడిమధ్యలో ఉండవు. 350 డిగ్రీల నల్లపొగ చిమ్నీ పక్కనే పీత కూర్చున్నట్టు కనబడినా, వేడి కొద్ది సెంటీమీటర్లలోనే పడిపోతుంది కాబట్టి దాని ఒంటికి తగిలే నీరు గోరువెచ్చనే. రెండోది యూట్యూబ్ కుదింపు. నీటిలో తేలే వేల రేణువులు ప్రతి ఫ్రేములోనూ కదులుతుంటే, కుదించే ప్రోగ్రాం ఉన్న బిట్లన్నీ వాటికే ఖర్చు పెడుతుంది, పీత డిప్ప గరుకుతనం గడులుగడులుగా అలికినట్టవుతుంది. రోబో నేల మీద కుదురుకుని, జూమ్ ఆగాక నాలుగైదు సెకన్లు వేచి స్క్రీన్‌షాట్ తీస్తే బొమ్మ తేటగా ఉంటుంది. మూడోది, రోబో దిగేటప్పుడు లేచే బురద. దానికి మందు లేదు, ప్రవాహం తీసుకుపోయేదాకా ఆగాల్సిందే.

మాటల సంగతికొస్తే, వ్యాఖ్యానం ఇంగ్లిష్‌లో ఉంటుంది, పైలట్ల ఆదేశాలు, శాస్త్రవేత్తల ముచ్చట్లు కలగలిసి. వాళ్లు బైథోగ్రేయిడ్ అంటే అసలు పీత, గాలథీడ్ అంటే స్క్వాట్ లాబ్‌స్టర్ అని గుర్తుంచుకుంటే సగం అర్థమైనట్టే. ఆటోమేటిక్ సబ్‌టైటిళ్లు ఈ పేర్ల దగ్గరే బోల్తా కొడతాయి. భాష ఎంత తేడా తెస్తుందో 2025లో కనబడింది. అర్జెంటీనా శాస్త్రవేత్తలు ఇదే రోబోతో మార్ దెల్ ప్లాతా లోయ డైవులకు స్పానిష్‌లో వ్యాఖ్యానం చెప్తే ఆ దేశంలో జనం రోజూ కూర్చుని చూశారు. అక్కడ వేడి బుగ్గలు కూడా లేవు. తెలుగులో అలాంటిది రావాలని గట్టిగా కోరుకుంటున్నాం. సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాదులోనే.

పోల్చడానికి ఇంకో సేవ ఉంది, పూర్తిగా వేరే తరహాది. అమెరికా ఓరెగాన్ తీరానికి సుమారు 480 కిలోమీటర్ల దూరాన ఆక్సియల్ అనే సముద్రగర్భ అగ్నిపర్వతం మీద, 1,500 మీటర్లు దాటిన లోతున మష్రూమ్ అనే బుగ్గ ఎదుట వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు పెట్టిన స్థిర కెమెరా, క్యామ్‌హెచ్‌డీ. ప్రసారం మూడు గంటలకొకసారి, ఒక్కోసారి 14 నిమిషాలు. ప్రపంచ కాలమానం 00 గంటల నుంచి లెక్క కాబట్టి మనకు ఉదయం 5:30, 8:30, 11:30, మధ్యాహ్నం 2:30, అలా. కెమెరా ప్రతిసారీ అదే వరసలో తిరుగుతుంది, అదే చోట జూమ్ చేస్తుంది. అందువల్ల నిన్నటి ఫైల్లో, ఇవాళ్టి ఫైల్లో అదే నిమిషం తెరిచి పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. సుబాస్టియన్ ఎన్నటికీ ఇవ్వలేని సుగుణం ఇది. దించుకోవాలంటే మాత్రం అసలు నాణ్యత ఫైలు ఒక్కొక్కటి 13 జీబీ దాకా ఉంటుంది, చిన్న ఎమ్‌పీ4 కాపీ చాలు. ఏటా వేసవిలో ఓడ వెళ్లి పరికరాలు మార్చేటప్పుడు ప్రసారం ఆగవచ్చు.

పీతల వరకు క్యామ్‌హెచ్‌డీకి రెండో స్థానమే ఇస్తాం. తప్పు కెమెరాది కాదు, చోటుది. బైథోగ్రేయా కుటుంబం ఆ ప్రాంతంలో లేనే లేదు. అక్కడ కనబడేది మాక్రోరెగోనియా మాక్రోకైరా, పొడుగు కాళ్ల సాలీడు పీత. అది బుగ్గకు పుట్టిన బిడ్డ కాదు, చుట్టుపక్కల లోతు సముద్రం నుంచి తిండికి వచ్చే చుట్టం. ట్యూబ్‌వార్ములను తిని పోతుంది. వచ్చిన రోజు చూడగలిగితే పండగే, కానీ వరసగా ఎన్నో ఫైళ్లు తిరగేయాల్సి రావచ్చు. సముద్ర అన్వేషకుడు రాబర్ట్ బల్లార్డ్ స్థాపించిన ట్రస్టు నడిపే నాటిలస్ లైవ్ గురించి ఒక్క మాట: అక్కడ ప్రేక్షకులు ప్రశ్న పంపితే ఓడ మీదివాళ్లు ప్రసారంలోనే జవాబిస్తారు. బడి పిల్లలతో కలిసి చూసేవారు దాన్నే ఎంచుకోవడం మంచిది. పీత పేరు అడిగితే నిజంగా చెబుతారు.

వీడియోలు వాడుకోవడం గురించి. ష్మిట్ వారి దృశ్యాలు క్రియేటివ్ కామన్స్ కింద ఉంటాయి: పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు, మీరు మార్చి తయారు చేసిందీ అదే షరతుల మీద పంచాలి. క్లాసులో చూపడానికి, తెలుగు మాట కలిపి పిల్లలకు ఇవ్వడానికి అడ్డేమీ లేదు. యాడ్ల డబ్బు వచ్చే ఛానెల్లో పెట్టాలంటే మాత్రం ముందు అనుమతి అడగండి. కింద రోబో పేరు, సంస్థ పేరు రెండూ వేయండి.

మన వైపు సముద్రం పీతను మాత్రం ఈ సేవల్లో ఏదీ క్రమం తప్పక చూపదు. హిందూ మహాసముద్రంలో కైరెయి బుగ్గ 2000లో, ఎడ్మండ్ బుగ్గ 2001లో దొరికాయి. అక్కడి తెల్ల పీతకు 2002లో ఆస్టినోగ్రేయా రోడ్రిగెజెన్సిస్ అని పేరు పెట్టారు. అదే మహాసముద్రపు గట్ల మీద 10,000 చదరపు కిలోమీటర్లలో సల్ఫైడ్ ఖనిజాల అన్వేషణకు మన దేశానికి 2016 నుంచి ఒప్పందం ఉంది. అంటే అలాంటి చిమ్నీలనే ఒకనాడు తవ్వాలన్న ఆలోచన, ఆ పీత ఇల్లు అలాంటి చిమ్నీయే. 2024 డిసెంబరులో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ, గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీపీఓఆర్ కలిసి 4,500 మీటర్ల లోతున పనిచేస్తున్న బుగ్గను ఫొటో తీశాయి. ముగ్గురు మనుషుల్ని 6,000 మీటర్లకు దించే మత్స్య 6000 చెన్నైలోనే తయారవుతోంది. దాని కెమెరా ముందు ఆస్టినోగ్రేయా నిలబడిన రోజున ఆ డైవును కోతల్లేకుండా, లేజరు చుక్కలతో సహా జనానికి ఇవ్వాలి. తవ్వకముందు అక్కడ ఎన్ని పీతలుండేవో లెక్కపెట్టడానికి అదే ఆధారం.